కింద రాసిన రెండు

తారకేశ్వరరావు సార్ కెమిస్ట్రీ పేపర్లు పంచుతూ రజని పేపరు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. తడిగుడ్డను పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని క్లాసంతటికీ చూపించాడు. మోల్ లెక్కలు రెండిచ్చాననీ, ఈ అమ్మాయి ఒకదానికి రాసిన జవాబు చూస్తే ఏడుపొస్తుందనీ, రెండోదానికి మాత్రం టెక్స్ట్‌బుక్ రాసినవాడికి వచ్చిన జవాబే వచ్చిందనీ అన్నాడు. ఒక్క ముక్క కూడా తెలియని మనిషికి ఇదెలా వచ్చిందో ఎవరైనా చెప్పగలరా అని అడిగాడు. వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి.

"కాపీ," అన్నాడు. ఆ మాటను బోర్డు మీద రాసినట్టు నెమ్మదిగా అన్నాడు.

ఒక లెక్క హైడ్రోజన్‌ది. నాలుగు గ్రాముల హైడ్రోజన్ మొత్తం నీరు కావాలంటే ఎన్ని గ్రాముల ఆక్సిజన్ కావాలి? ముప్పై రెండు. రజని అదే రాసింది. ఇంకొకటి సున్నపురాయిది. నూరు గ్రాముల సున్నపురాయిని బాగా కాలిస్తే ఎంత సున్నం మిగులుతుంది? యాభై ఆరు. రజని ఎనభై రెండూ చిల్లర రాసింది. రెండింటికీ ఎర్ర సిరాతో సున్నా పడింది. రజని పక్కన కూర్చునే పావని పేపర్లో రెండూ సరైనవే.

రజని లేచి నిలబడింది. తాను చూడలేదని చెప్పింది. ఆయన వినలేదు. పావనిని లేపి, ఈ అమ్మాయి నీ పేపర్లోకి చూసిందా అని అడిగాడు. పావని కాసేపు డెస్కు వైపు చూసి, "ఏమో సార్, నేను రాసుకుంటన్నాను, సూడలేదు," అంది.

ఆయనకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. సోమవారం అమ్మను తీసుకుని రావాలి, ప్రిన్సిపాల్ ముందూ క్లాసు ముందూ తప్పు ఒప్పుకోవాలి, అప్పుడైతే పోనీలే అని వదిలేస్తాడు. లేదంటే బైపీసీ మరచిపోవచ్చు. సీఈసీలో సీట్లు ఖాళీగా ఉన్నాయి, అక్కడ మోల్‌లూ గ్రాములూ అడిగేవాళ్ళుండరు. ఇంత చెప్పి, ఆ ఇద్దరి పేపర్లూ తన దగ్గరే పెట్టుకుని, టెక్కలి బస్సు వేళవుతోందని వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

రజనికి ఏడుపు రాలేదు. చెవులు వేడెక్కాయి. బెంచీ అంచును ఎంత గట్టిగా పట్టుకుందో, వదిలేసరికి అరచేతిలో గీత పడింది.

బైపీసీలో ఆ అమ్మాయి ఊరికే చేరలేదు. ఉద్దానంలో సముద్రం పక్క ఊరు వాళ్ళది. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. ఒళ్ళు ఉబ్బి, మూత్రం బిగిసి, మంచాన పడితే, ఆయన రక్తం సీసాలో పెట్టి విశాఖపట్నం పంపారు. ఆ రక్తంలో ఏముందో తెలిసి కబురు వచ్చేసరికి తండ్రి లేడు. ఇక్కడ రక్తం చూసి చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉంటే అని అందరూ అనుకుని ఊరుకున్నారు. రజని ఊరుకోలేదు. ల్యాబు పని నేర్చుకుంటానని అప్పుడే అనుకుంది. ఆ పనికి కెమిస్ట్రీ కావాలి.

పైగా కెమిస్ట్రీ పుస్తకం మొత్తంలో ఆమెకు నచ్చిన పాఠం మోల్ పాఠం ఒక్కటే. దసరా దాకా కాలేజీకి కెమిస్ట్రీ చెప్పేవాళ్ళే లేరు. సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత పుస్తకం ముందు పెట్టుకుని తనంతట తాను చదువుకుంది. కంటికి కనిపించని వాటిని లెక్కపెట్టలేం కాబట్టి తూచి తెలుసుకోవాలనీ, ఒక్కో రకానికి ఒక్కో తూకం ఉంటుందనీ, ఆ తూకం వేస్తే ఏ రకంలోనైనా అన్నే ఉంటాయనీ, దానికే మోల్ అని పేరనీ చదివినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. తల్లి అప్పలమ్మ పని చేసే పలాస జీడిపప్పు షెడ్డులో జరిగేది అదే కదా. పప్పును ఎవరూ ఒక్కొక్కటే లెక్కపెట్టరు. తూకానికి ఎన్ని విరగని గుళ్ళు ఎక్కుతాయో చూసి, పెద్ద రకం, చిన్న రకం అని వేరు చేస్తారు. తారకేశ్వరరావు సార్ వచ్చాక ఆ పాఠాన్ని రెండు పీరియడ్లలో బోర్డు మీద రాసి చెరిపేశాడు. ఇదంతా మీరు టెన్త్‌లో చదివిందే కదా అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు.

గేటు దగ్గర రజని పావనిని పట్టుకుంది. పావని వాళ్ళకు సుమ్మాదేవి దగ్గర జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్నాయి. రోజూ రైల్లో వచ్చి రైల్లో వెళుతుంది.

"నాను నీ పేపర్లోకి తొంగి సూసానా?"

"నాకేటి తెల్సు."

"నీ ఎడం సెయ్యి పేపరు మీద అడ్డంగా ఎట్టుకునే రాత్తావు. ఎవులికైనా కనిపిత్తాదా అది? ఆ ముక్క సెప్పొచ్చు గదా."

పావని చున్నీ సర్దుకుంది. సార్‌కీ తన తండ్రికీ పరిచయం ఉందనీ, తనను మధ్యలోకి లాగొద్దనీ చెప్పి, రైలు వేళయిందని నడిచింది. రజని ఆమె వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. సార్ మీద వచ్చిన కోపం ఒక రకం. ఇది వేరే రకం.

ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పింది. తండ్రి పోయాక కాశీబుగ్గలో ఒక సందులో వాళ్ళది ఒక గది. అప్పలమ్మ పొయ్యి ముందు కూర్చుని అంతా వింది. చివరికి, కాపీ కొట్టావా లేదా అని కూడా అడగలేదు.

"ఒప్పేసుకో," అంది. "ఒక్క మాటకి పోద్ది. నాను కూడా వొచ్చి సారుకి దండం ఎట్టేత్తాను."

"సెయ్యని దానికా?"

"సేసినా సెయ్యకపోయినా మనకి అదే దండం. నువ్వింకా సిన్నదానివి, నీకు తెల్దు."

రజని కంచం తోసేసి లేచింది. రోజూ సాయంత్రం షెడ్డు గేటు దగ్గర ఆడవాళ్ళ కొంగులూ క్యారేజీలూ వెతికి గానీ బయటికి వదలరు. అందరూ గొణుగుతారు. అప్పలమ్మ మాత్రం అడగకముందే కొంగు విదిలించి చూపిస్తుంది. పప్పు గింజ ఒక్కటి ఏనాడూ ఇంటికి తేలేదు. అయినా విదిలిస్తుంది. చిన్నప్పటి నుంచీ రజని చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఆ కొంగు విదిలించడం తలచుకుంటే తల్లిని పట్టుకుని ఊపేయాలనిపించింది.

ఆదివారం షెడ్డుకు సెలవు లేదు. రజని కాలేజీ లేని రోజుల్లో తల్లి పక్కన కూర్చుని పొర తీస్తుంది. పప్పు మీది ఎర్రపొర చాకుతో గీరి, గుండు గుండుగా ఒక పక్క, రెండుగా విడిపోయిన బద్దలు ఒక పక్క, ముక్కలు ఒక పక్క వేయాలి. గుమస్తా గున్నయ్య ఉదయం ఎవరి పప్పు వాళ్ళకు తూచి ఇస్తాడు, సాయంత్రం గుళ్ళూ బద్దలూ ముక్కలూ పొరా అన్నీ కలిపి తూచి తీసుకుంటాడు. ఇచ్చింది ఎంతో వచ్చింది అంతే ఉండాలి.

రజని చేతులు పని చేస్తున్నాయి, మనసు మాత్రం సార్‌ను తిడుతోంది. తిట్టినకొద్దీ ఇంకా తిట్లు ఊరుతున్నాయి. తల్లి రెండుసార్లు ఓరగా చూసింది.

సాయంత్రం తూకాల దగ్గర గొడవ లేచింది. రాణి అనే ఆమె బుట్ట, ఇచ్చినదానికన్నా బరువు ఎక్కువ తూగింది. పప్పు మీద నీళ్ళు చల్లావు, ఆ చాటున గుళ్ళు తీశావు అని గున్నయ్య అందరికీ వినబడేలా అరిచాడు.

"నీళ్ళెందుకు సల్లుతాను? సెయ్యెట్టి సూడు, తడున్నాదా?" అంది రాణి.

"తగ్గితే ఎలక తిన్నాదనుకుంటాను. పెరిగితే ఏటనుకోవాలి? పప్పు పిల్లల్ని కన్నాదా?"

కొందరు నవ్వారు. రాణి కదలకుండా నిలబడింది. చివరికి తేలిందేమిటంటే, ఉదయం ఇచ్చేటప్పుడు బుట్ట బరువు తీసేసిన గున్నయ్య, తీసుకునేటప్పుడు తీయడం మరచిపోయాడు. మళ్ళీ తూచాడు. సరిపోయింది. రాణితో ఒక్క మాట కూడా అనకుండా తర్వాతి మనిషిని పిలిచాడు. రాణి కూడా బుట్ట బోర్లించుకుని వెళ్ళిపోయింది. ఎవరికీ అదేమీ వింతగా అనిపించలేదు.

రజనికి మాత్రం పళ్ళు బిగుసుకున్నాయి. ఆ కోపంలోనే, పెరిగితే ఏటనుకోవాలి అన్న మాట ఎక్కడో తగిలింది.

తాను చేసిన సున్నపురాయి లెక్కలో సున్నం ఎనభై రెండు గ్రాములు. మరి కాలేటప్పుడు పైకి పోయే గాలి మాటేమిటి? ప్రశ్నలో దాన్ని అడగలేదు కాబట్టి తానూ కట్టలేదు. ఇప్పుడు నేల మీద సుద్దముక్కతో కట్టింది. నలభై ఒకటి వచ్చింది. ఎనభై రెండూ నలభై ఒకటీ నూట ఇరవై మూడు. బట్టీలో పెట్టింది నూరు గ్రాములు. నూరు పెడితే నూట ఇరవై మూడు బయటికొచ్చాయి. రాయి పిల్లల్ని కన్నది.

గున్నయ్యలాగే తానూ ఎక్కడో బుట్ట బరువు తీయడం మరిచింది. ఎక్కడ?

పుస్తకంలో ఆక్సిజన్ బొమ్మ గుర్తొచ్చింది. ఒకదానికొకటి అంటుకున్న రెండు ఉండలు. పక్కన ఓ అనే అక్షరం, దాని కాళ్ళ దగ్గర చిన్న రెండు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడే ఆమెకు అర్థమైపోయింది, ఇది గుండు, రెండు బద్దలుగా ఉంది అని. షెడ్డులో పెరిగిన ఏ పిల్లకైనా అలాగే కనిపిస్తుంది. గుండును రెండు బద్దలు చేసినా, మూడు ముక్కలు చేసినా తూకం మారదు. అందుకే పట్టికలో ఆక్సిజన్ పదహారు అని ఉంటే, కింద రెండున్నా మూడున్నా పదహారుగానే వేస్తూ వచ్చింది. హైడ్రోజన్ ఒకటి అంటే, కింద రెండున్నా ఒకటే. కింద రాసిన అంకె, ఎన్ని ముక్కలైందో చెబుతుంది అంతే అనుకుంది.

పొర తీసే రాతిపలక మీంచి మూడు గుళ్ళు తీసి పక్కపక్కన పెట్టింది. ముక్కలు కావు. మూడూ మూడు గుళ్ళే అయితే?

నలభై కాల్షియం, పన్నెండు కార్బన్, మూడు పదహార్లు నలభై ఎనిమిది. నూరు. ఒక్క పదహారే వేసి తాను అరవై ఎనిమిది అనుకున్నది నూరు. కాలిస్తే సున్నం యాభై ఆరు, గాలి నలభై నాలుగు. కలిపితే నూరు. లోపలికెళ్ళినంతా బయటికొచ్చింది.

హైడ్రోజన్ లెక్క మళ్ళీ కట్టింది. ఇప్పుడు హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ముప్పై రెండు. నాలుగు గ్రాములంటే రెండు మోల్‌లు. దానికి ఒక మోల్ ఆక్సిజన్. ముప్పై రెండు గ్రాములు. మళ్ళీ అదే ముప్పై రెండు.

రెండు దారులనూ పక్కపక్కన వేసి చూసింది. తప్పు దారిలో హైడ్రోజన్ బరువు సగమే అనుకుంది కాబట్టి మోల్‌లు రెట్టింపయ్యాయి, నాలుగు. దానికి తగ్గట్టు ఆక్సిజన్ కూడా రెట్టింపయింది, రెండు. కానీ ఆక్సిజన్ బరువు కూడా సగమే వేసింది, పదహారు. రెండు పదహార్లు ముప్పై రెండు. ఇటు చేసిన తప్పును అటు చేసిన తప్పు కొట్టేసింది. జవాబు సరిగ్గా దిగింది.

సంతోషం కలగాల్సింది. కలగలేదు. ఒళ్ళంతా మండింది. ఈ లెక్కంతా పేపర్లో ఉంది. నాలుగు మోల్‌లు, రెండు మోల్‌లు, పదహారు అని అంకె అంకె రాసింది. పావని పేపర్లో రెండు, ఒకటి, ముప్పై రెండు అని ఉంటుంది. చూసి రాసినదాన్నైతే ఆ అంకెలే ఉండేవి కదా. అంటే ఆయన చదవలేదు. చివరి అంకె చూశాడు, పేరు చూశాడు, పక్కన ఎవరు కూర్చున్నారో చూశాడు.

"ఒలే, పొద్దోయింది, లే," అంది అప్పలమ్మ. గేటు దగ్గర అలవాటుగా కొంగు విదిలించింది. రజని మాత్రం విదిలించలేదు. కాపలా మనిషి అడిగేదాకా నిలబడి, అడిగాక చూపించింది.

సోమవారం కెమిస్ట్రీ పీరియడ్‌కు ప్రిన్సిపాల్ కామేశ్వరరావు కూడా వచ్చాడు. అప్పలమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. తారకేశ్వరరావు సార్ చేతులు కట్టుకుని, చెప్పమ్మా అన్నాడు.

రజని తన పేపరునూ పావని పేపరునూ ప్రిన్సిపాల్ చేతిలో పెట్టమని సార్‌ను అడిగింది. చివరి అంకె కాదు, మధ్యలోవి చూడమంది. ఆ తర్వాత సుద్ద తీసుకుంది. ఎవరూ తీసుకోమనలేదు. బోర్డు మీద తాను పరీక్షలో చేసిన తప్పు లెక్కను మొదటి నుంచీ చివరిదాకా చేసింది. కింద అంకె ఉంటే బద్దలనుకున్నాననీ, గుండు చితికినా తూకం మారదు కదా అనుకున్నాననీ చెప్పింది. క్లాసు పకపకా నవ్వింది. ఆమె ఆగలేదు. సున్నపురాయి లెక్క వేసి, నూరుకు నూట ఇరవై మూడు ఎలా వచ్చిందో చూపించింది. పక్కన సరైన లెక్క వేసింది. చివర హైడ్రోజన్ లెక్క రెండు దారుల్లోనూ వేసి, రెండు ముప్పై రెండుల కిందా గీత గీసింది. గీత గీసేటప్పుడు సుద్ద విరిగింది.

నవ్వులు అప్పటికే ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టుకుని వేలితో అంకెలు పోల్చుకుంటున్నాడు.

"అంటే నీకు అణువుకీ పరమాణువుకీ తేడాయే తెలీదన్నమాట," అన్నాడు సార్.

"తెల్దు సార్. నిన్న తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పలేదు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. సరే, తప్పు తెలుసుకున్నావు, వెళ్ళి కూర్చో అన్నాడు. రజని కదలలేదు.

"సున్నా నాదే సార్, ఉంచుకుంటాను. కాపీ మాత్రం నాది కాదు. కొట్టలేదని సెప్పండి."

గుమ్మం దగ్గర అప్పలమ్మ గాభరా పడి రెండడుగులు లోపలికి వేసింది. "సిన్నపిల్ల బాబూ, కోపం సెయ్యకండి," అంటూ రెండు చేతులూ ఎత్తబోయింది. రజని ఒక్క అంగలో వచ్చి, ఆ చేతులు కలవకముందే మధ్యలో పట్టుకుంది. సుద్దపొడి తల్లి చేతులకు అంటుకుంది.

"వొద్దమ్మా. ఈయాల దండం మనది కాదు."

అప్పలమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఏమి కనబడిందో ఏమో, చేతులు కిందికి దించేసింది. గుమ్మం దగ్గరికి వెనక్కి వెళ్ళలేదు. అక్కడే, బోర్డు పక్కనే నిలబడింది.

తారకేశ్వరరావు సార్ ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ పేపర్లు మడిచి బల్ల మీద పెట్టాడు. సార్ డస్టర్ తీసుకుని బోర్డు వైపు తిరిగి, "సరే, కాపీ కాదు," అన్నాడు.

"నాకు కాదు సార్. ఆల వొంక తిరిగి సెప్పండి. ఆలకే సెప్పారు గదా ముందు."

ఆయన డస్టర్ బల్ల మీద పెట్టాడు. క్లాసు వైపు తిరిగాడు. రజని కాపీ కొట్టలేదని, పేపరు సరిగ్గా చూడకుండా తాను ఆ మాట అన్నానని చెప్పాడు. చేదు మందు మింగినట్టు చెప్పాడు గానీ, వినబడేలాగే చెప్పాడు. వెనక బెంచీలోంచి ఎల్లాజీ అనే కుర్రాడు లేచి, కింద అంకె సంగతి తనకూ ఇప్పుడే తెలిసిందనీ, మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చెప్పమనీ అడిగాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్ళు ఇందాక అందరికన్నా గట్టిగా నవ్వినవాళ్ళే. రజనికి మళ్ళీ చెవులు వేడెక్కాయి.

అప్పలమ్మ ఎవరికీ నమస్కారం పెట్టకుండానే షెడ్డుకు వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ కూడా వెళ్ళాడు. సార్ బోర్డు తుడిచి, పాఠం మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

రజని తన బెంచీ దగ్గరికి వెళ్ళి పుస్తకాలు తీసుకుంది. పావని జరిగి చోటిచ్చింది. తల వంచుకుని, మెల్లగా, "నేనా రోజు సెప్పాల్సింది," అంది.

"సెప్పలేదు గదా," అంది రజని.

పుస్తకాలు పట్టుకుని ముందు బెంచీకి వెళ్ళింది. అక్కడ ఎవరూ కూర్చోరు, సార్‌కు మరీ ఎదురుగా ఉంటుంది. ఆమె అక్కడే కూర్చుంది. ఆయన కొత్త లెక్క రాస్తున్నాడు. ఆయన రాసే ప్రతి అంకెనూ, ఎక్కడైనా తప్పుతాడేమో అన్నట్టు, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.